కొత్త వ్యవస్థ - పాత అక్షరం

కంప్యూటరు ఒక యంత్రం. మనం చెప్పే మాట ఆ యంత్రానికి అర్థమయ్యేటట్లు చేసేది దానిలోని నిర్వహణ వ్యవస్థ. దీనినే వాడుకలో ఆపరేటింగ్ సిస్టం అంటున్నాం. మీట నొక్కగానే అక్షరం తెరమీద కనిపించడం మొదలుకొని, వ్రాసినదాన్ని దాచి, అడిగినప్పుడు మళ్ళీ తెచ్చి ఇవ్వడం వరకు ప్రతి పనీ దాని చేతుల మీదుగానే జరుగుతుంది. ఇల్లు అదే అయినా ఇంట్లో సామాను సర్దిన తీరు రాత్రికి రాత్రే మారిపోతే ఇంటిల్లిపాదికీ ఎంత తికమక కలుగుతుందో, ఈ వ్యవస్థ మారినప్పుడు కంప్యూటరు వాడేవారికి అంత తికమక కలుగుతుంది. ఈ తికమకను గురించి అందరూ మాట్లాడుకుంటారు. దాని చాటున జరిగిపోయే అసలు నష్టాన్ని గురించి మాట్లాడేవారు తక్కువ.

పత్తి, మిర్చి పండే నేలల నడుమ కొండను ఆనుకొని ఉన్న వినుకొండ వంటి పట్టణాలకు కంప్యూటరు ముందుగా దుకాణాల ద్వారా పరిచయమైంది. శుభలేఖలు, కరపత్రాలు తయారుచేసే డీటీపీ కేంద్రాలలోనూ, టైపు ఇన్‌స్టిట్యూట్ల స్థానంలో వెలిసిన శిక్షణ కేంద్రాలలోనూ జనం దానిని చూశారు. ఇళ్ళలోకి ఎక్కువగా వచ్చింది 2000 తరువాతి దశాబ్దంలో. పిల్లవాడికి ఇంజనీరింగులో సీటు వచ్చిందని, పంట డబ్బు చేతికి రాగానే గుంటూరు వెళ్ళి 'సిస్టం' కొని తెచ్చిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ పిల్లలు చదువులు ముగించుకొని హైదరాబాదుకో, బెంగుళూరుకో, సముద్రాల అవతలికో వెళ్ళిపోయారు. సిస్టం మాత్రం ఇంట్లో మిగిలింది. తండ్రి దానిలో కౌలు లెక్కలు, శీతల గిడ్డంగిలో నిల్వ ఉంచిన మిర్చి టిక్కీల లెక్కలు వ్రాసుకోవడం నేర్చుకున్నాడు. తల్లి అందులో పెళ్ళిళ్ళ ఫొటోలు చూసుకుంటుంది. కంప్యూటరు ఆ ఇంటి మనిషి అయిపోయింది.

ఈ కాలంలో వ్యవస్థలు ఎన్ని మారాయో ఒకసారి చూడండి. 1998లో విండోస్ 98 వచ్చింది. 2001లో ఎక్స్‌పీ, 2007లో విస్టా, 2009లో విండోస్ 7, 2012లో విండోస్ 8, 2015లో విండోస్ 10, 2021లో విండోస్ 11 వచ్చాయి. విండోస్ 8లో తెర అడుగున ఎడమ మూలన ఉండే స్టార్ట్ బటన్‌ను తీసివేశారు. 'సిస్టం ఆపడం ఎలా?' అని చదువుకున్నవారు సైతం పక్కవారిని అడగవలసి వచ్చింది. ప్రపంచమంతటా వచ్చిన విసుగును చూసి 2013లో వచ్చిన 8.1లో ఆ బటన్‌ను తిరిగి పెట్టారు. ఇటువంటి ఇబ్బందులు చికాకు కలిగించేవే గాని నిలిచిపోయేవి కావు. పదిరోజులు వాడితే చెయ్యి దానంతట అదే అలవాటుపడుతుంది. డెబ్బై ఏళ్ళు దాటినవారు సెల్‌ఫోను నేర్చుకోలేదా? కొత్త వ్యవస్థను నేర్చుకోలేకపోవడం మనవారి లోపమని నేను ఏ మాత్రం ఒప్పుకోను.

అసలు నష్టం మరొకచోట ఉంది. ఇంటి కంప్యూటరు ఏ కారణం చేత మొరాయించినా మన పట్టణాలలో దానికి ఒకటే మందు. తండ్రి ఫోను చేసి, "ఏరా, సిస్టం మధ్యలో ఆగిపోతోందిరా" అంటాడు. కొడుకు, "షాపతన్ని పిలిచి ఫార్మాట్ కొట్టించు నాన్నా" అంటాడు. పూర్వం ఊళ్ళోని మందుల దుకాణంలో ఏ జబ్బుకైనా ఒకే రంగు మాత్ర ఇచ్చేవారని చెప్పుకునేవారు. ఫార్మాటు అటువంటిదే. డిస్కులోని సి డ్రైవును తుడిచివేసి, దానిమీద విండోసును కొత్తగా వేస్తారు. యంత్రం మళ్ళీ చురుకుగా నడుస్తుంది. అందరూ సంతోషిస్తారు. వారం తరువాత లెక్కల ఫైలు కోసం వెదికితే అది ఉండదు.

దీనికి కారణం చాలామందికి తెలియదు. డెస్క్‌టాప్ మీద పెట్టిన ఫైలు తెరమీద, కంటి ఎదుట కనిపిస్తుంది. కనుక అది అన్నిటికన్నా భద్రంగా ఉన్నదని అనుకుంటాం. నిజానికి డెస్క్‌టాప్ గాని, మై డాక్యుమెంట్స్ గాని సాధారణంగా ఉండేది సి డ్రైవులోనే. వ్యవస్థతోపాటు అవి కూడా తుడుచుకుపోతాయి. దుకాణం అతను "డి డ్రైవులో ఉన్నవి ఉంటాయండీ" అని నిజమే చెబుతాడు. కాని డి డ్రైవు అంటే ఏమిటో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. అతణ్ణి నిందించడం కూడా న్యాయం కాదు. రోజుకు పది యంత్రాలు బాగుచేస్తే గాని అతనికి గిట్టుబాటు కాదు. ఒక్కొక్క యంత్రం రోగకారణాన్ని వెదకడానికి ఒక పూట పడుతుంది. ఫార్మాటుకు గంట చాలు.

అయితే ఫార్మాటు అవసరం లేకుండానే కుదిరే జబ్బులు ఎన్నో ఉన్నాయి. ఒక ఉదాహరణ చెబుతాను. కంప్యూటరు చక్కగా తెరుచుకుంటుంది. కాని బ్యాంకు వెబ్‌సైటు గాని, పరీక్షల ఫలితాల వెబ్‌సైటు గాని తెరవబోతే ఈ సంబంధం సురక్షితం కాదని హెచ్చరిక వస్తుంది. వైరస్ పట్టిందని ఇంట్లోవారు భయపడతారు. ఆ సమయంలో తెర మూలన ఉన్న తేదీని చూస్తే పదేళ్ళో పదిహేనేళ్ళో వెనుకటి తేదీ కనిపిస్తుంది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళవంటి చిన్న బ్యాటరీ ఒకటి ఉంటుంది. కరెంటు లేనప్పుడు కూడా గడియారాన్ని నడిపించేది అదే. అది అయిపోతే యంత్రానికి కాలజ్ఞానం పోతుంది. వెబ్‌సైట్లు తమ గుర్తింపు పత్రాలను చూపినప్పుడు, తన తేదీ తప్పు కావడం చేత, ఆ పత్రాల గడువు ఇంకా మొదలే కాలేదని కంప్యూటరు భావిస్తుంది. అందుకే వాటిని నమ్మదు. సీఆర్2032 అనే ఆ బ్యాటరీ గడియారాల దుకాణంలో సైతం చవకగా దొరుకుతుంది. దానికి ఫార్మాటు కొట్టిస్తే ప్రయోజనం ఏముంది? తేదీ మళ్ళీ వెనక్కే వెళుతుంది.

అట్లాగే పల్నాటి వేసవిలో కంప్యూటరు ఉన్నట్టుండి ఆగిపోతే ముందుగా అనుమానించవలసినది విండోసును కాదు, దుమ్మును. పత్తి నలుసులు, వీధి ధూళి ఫ్యానుకు చుట్టుకొని ఉంటే ప్రాసెసరు వేడెక్కి తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. తీగ ఊడదీసి, పెట్టె తెరిచి, మెత్తటి కుంచెతో దులిపితే చాలాసార్లు సరిపోతుంది. ఆన్ చేయగానే తెర వెలగకుండా కూత మాత్రమే వినిపిస్తే ర్యామ్ పలకను తీసి, దాని అంచును పెన్సిలు రబ్బరుతో రుద్ది తిరిగి పెట్టే చిట్కా ప్రతి మెకానిక్కుకూ తెలుసు. ఇంటివారికి కూడా తెలియడంలో నష్టం లేదు. ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలి. ఒకేసారి నాలుగు మార్చితే ఏది తప్పో ఎన్నటికీ తేలదు. ప్రయోగశాలలో మీరు నేర్చుకునే పద్ధతి కూడా ఇదే కదా!

ఫొటోలు, లెక్కలు పోవడం ఒక ఇంటి నష్టం. వాటితోపాటు తెలుగు అక్షరం కూడా పోతున్నది. అది ఊరంతటి నష్టం. దీనిని కొంచెం వివరంగా చెప్పవలసి ఉన్నది.

కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ఏ అంకెకు ఏ అక్షరం అన్నది మనుషులు కూర్చొని నిర్ణయించుకోవాలి. 1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణంలో తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. ఆ లెక్కలో 'అ' సంఖ్య 3077, 'క' సంఖ్య 3093. ఈ ఏర్పాటు ప్రకారం వినుకొండలో వ్రాసిన 'క' వాషింగ్టనులో కూడా 'క'గానే కనిపిస్తుంది. కాని ఈ ప్రమాణం మన ఇళ్ళలోని కంప్యూటర్లకు చేరడానికి పదేళ్ళు పట్టింది. విండోస్ వరకు చూస్తే తెలుగు యూనికోడుకు చోటు దొరికినది 2001 నాటి ఎక్స్‌పీలో. గౌతమి అనే ఫాంటు దానితోపాటు వచ్చింది. అప్పుడు కూడా అది దానంతట అది పనిచేసేది కాదు. కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్ళి సంక్లిష్ట లిపుల సదుపాయాన్ని ఎంచుకోవాలి. ఆ వెంటనే అది ఎక్స్‌పీ సీడీని అడిగేది. ఆ సీడీ ఏ ఇంట్లో దొరుకుతుంది?

కనుక ఆ లోగా పని ఆగకుండా ఉండడానికి ఫాంటు తయారీదారులు ఒక ఉపాయం పన్నారు. ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన 256 స్థానాలలోనే తెలుగు రూపాలను కూర్చారు. మన అక్షరాలకు గుణింతాలు, ఒత్తులు కలిపితే ఆ స్థానాలు ఏ మూలకూ చాలవు. అందువల్ల తలకట్టును, కొమ్మును, గుడిని, ఒత్తును విడివిడి ముక్కలుగా చేసి, ఒకదాని పక్కన ఒకటి పేర్చి అక్షరంగా కనిపించేటట్లు చేశారు. కంటికి అది తెలుగు. కంప్యూటరు దృష్టిలో మాత్రం అది అర్థంలేని ఇంగ్లీషు గుర్తుల వరుస. తెలుగునాట అత్యధికంగా వాడుకలోకి వచ్చిన అను ఫాంట్లు ఈ పద్ధతిలోనివే. ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క పద్ధతిలో ముక్కలు పేర్చుకున్నది. అందుచేత ఒకరి ఫాంటులో వ్రాసినది మరొకరి ఫాంటులో చదవడానికి వీలులేదు.

ఈ ఉపాయాన్ని నేను తక్కువచేసి మాట్లాడను. అది లేకపోతే ఒక తరం తెలుగు పత్రికలు, పుస్తకాలు, పాఠ్యగ్రంథాలు అంత తేలికగా అచ్చయ్యేవి కావు. అను ఫాంట్లలో, పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేరులో కూర్చిన పేజీలే పల్లెల నుంచి రాజధాని వరకు అచ్చుయంత్రాలను నడిపించాయి. పేజ్‌మేకర్ చివరి రూపం 2001లో వెలువడిన 7.0. ఆ తరువాత దాని తయారీదారులు దానిని కొనసాగించలేదు. అది యూనికోడ్ ఎరుగదు. అందువల్ల యాపిల్ కీబోర్డు పద్ధతిలో కళ్ళు మూసుకొని తెలుగు కొట్టగలిగే ఆపరేటర్లు ఎందరో, కొత్త యంత్రం కొనే శక్తి ఉండి కూడా, ఎక్స్‌పీ ఉన్న పాత యంత్రాన్నే ప్రాణంగా కాపాడుకుంటూ వచ్చారు. బయటివారికి అది ఛాందసంగా కనిపిస్తుంది. వారి చేతిలో ఉన్న ఇరవై ఏళ్ళ పని తెరుచుకునేది ఆ యంత్రంలోనే అని తెలిస్తే ఎవరూ నవ్వరు.

వినుకొండ అనగానే సాహిత్యాభిమానులకు గుర్తుకువచ్చే పేరు జాషువా. 1895లో ఇక్కడ పుట్టిన ఆ మహాకవి రచనలు కాగితంమీద అచ్చయ్యాయి. గ్రంథాలయాలలో ఉన్నాయి. కాగితానికి చెద పట్టవచ్చు గాని, దానిని చదవడానికి కంటిచూపు, అక్షరజ్ఞానం తప్ప మరేదీ అక్కరలేదు. ఇక గడచిన పాతికేళ్ళలో ఈ ప్రాంతంలో వ్రాసిన చిన్న కవులను, ఊరి చరిత్రలు సేకరించిన ఉపాధ్యాయులను, వంశవృక్షాలు వ్రాయించిన పెద్దలను తలచుకోండి. వారు డీటీపీ కేంద్రంలో రెండువందలో మూడువందలో ప్రతులు వేయించారు. ప్రతులు పంచిపెట్టగా అయిపోయాయి. మూలం ఒక సీడీలోనో, ఎవరి ఇంటి సిస్టంలోనో అను ఫాంటులో పడి ఉంది. అది కొత్త విండోసులో తెరిస్తే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. పిచ్చి గుర్తులను చూసినవాడు ఫైలు పాడైపోయిందనుకొని చెరిపివేస్తాడు. ఫైలు పాడుకాలేదు. దానిని చదివే తాళంచెవి మాత్రమే ఆ యంత్రంలో లేదు.

మరి అటువంటప్పుడు కొత్త వ్యవస్థలకు మారకుండా ఉండిపోవడమే మంచిదా అంటే, అదీ కుదరదు. 2017 మే 12న వన్నాక్రై అనే దుష్ట సాఫ్ట్‌వేరు ప్రపంచమంతటా విజృంభించింది. నూటయాభైకి పైగా దేశాలలో కంప్యూటర్లలోని ఫైళ్ళకు తాళం వేసి, విడిపించడానికి మూడువందల డాలర్లు చెల్లించమన్నది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు దాని బారినపడ్డాయి. దెబ్బతిన్న జిల్లాలలో గుంటూరు ఒకటి. వినుకొండ అప్పటికి ఆ జిల్లాలోనిదే; 2022లో కదా పల్నాడు జిల్లా ఏర్పడినది. ఆ దాడికి మూలమైన లోపాన్ని సరిదిద్దే మరమ్మతు అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదలైంది. దానిని వేసుకోనివారే ఎక్కువగా నష్టపోయారు. మద్దతు ముగిసిన ఎక్స్‌పీకి ఆ మరమ్మతు దాడి జరిగిన తరువాత గాని అందలేదు.

ఏడేళ్ళ తరువాత మరొక అనుభవం కలిగింది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక తప్పు నవీకరణ వల్ల దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలితెర చూపి ఆగిపోయాయి. హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికునికి చేతితో వ్రాసి ఇచ్చిన బోర్డింగు పాసు ఫొటో ఆనాడు దేశమంతా తిరిగింది. ఈసారి దెబ్బతిన్నవారు వెనుకబడినవారు కారు, అందరికన్నా ముందు నవీకరించుకున్నవారు. చాలా యంత్రాలకు ఆనాడు దొరికిన మందు ఏమిటో తెలుసా? యంత్రాన్ని సేఫ్ మోడ్‌లో తెరిచి, తప్పు ఫైలును వెదికి తీసివేయడం. ఎవరూ ఫార్మాటు చేయమనలేదు. ఇది మన ఊరి మెకానిక్కులకు చూపించవలసిన సంగతి.

ఇక విండోస్ 10 విషయానికి వద్దాం. 2025 అక్టోబరు 14తో దానికి సాధారణ మద్దతు ముగిసింది. గృహ వినియోగదారులు నమోదు చేసుకుంటే భద్రతా మరమ్మతులు 2026 అక్టోబరు వరకు ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. విండోస్ 11కు మారుదామంటే దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసరు అయితే సుమారుగా ఎనిమిదో తరం, అంటే 2017 తరువాత వచ్చినది ఉండాలి. ఆ చిప్పు వల్ల రహస్య సంకేతాలకు మంచి రక్షణ దొరుకుతుందన్నది నిజమే. కాని 2016లో కొన్న యంత్రం లెక్కలు వ్రాయడానికి, ఉత్తరాలు టైపు చేయడానికి, పాఠాలు వినడానికి ఏ లోపమూ లేకుండా పనిచేస్తూ ఉండగా దానిని పనికిరానిదిగా ముద్రవేయడం నాకు సమంజసంగా తోచదు. నడుస్తున్న మోటారును పారవేసి కొత్తది కొనమంటే రైతు ఒప్పుకుంటాడా? ఆ యంత్రాలన్నీ చివరకు పాత ఇనుపసామాను కొట్టుకు చేరుతాయి. వాటిలోని డిస్కులతోపాటు పైన చెప్పిన వ్రాతలూ చేరుతాయి.

లినక్సు అనే మరొక మార్గం ఉంది. డబ్బు చెల్లించనవసరం లేదు. పాత యంత్రాలమీద తేలికగా నడిచే రూపాలు అందులో అనేకం దొరుకుతాయి. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఎన్నో ఏళ్ళుగా దానిమీదనే పిల్లలకు పాఠాలు చెబుతున్నాయి. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ దానిని తెలుగులో కనిపించేటట్లు చేయడానికి కృషిచేసింది. కౌలు లెక్కలకు, ఉత్తరాలకు, ఇంటర్నెట్టుకు అది చాలు. టాలీ, పేజ్‌మేకర్ వంటివి మాత్రం దానిమీద నేరుగా నడవవు. కనుక దుకాణదారుకు దానిని సిఫారసు చేయడానికి నేను తొందరపడను. ఇంటికి మాత్రం ధైర్యంగా చెబుతాను.

ఏ మార్గం పట్టినా, వ్యవస్థను మార్చేముందు చేయవలసిన పని ఒకటి ఉంది. ఫైళ్ళన్నీ బయటి డిస్కులోకి ఎక్కించి, ఆ డిస్కును మరొక కంప్యూటరుకు తగిలించి, నాలుగు ఫైళ్ళు నిజంగా తెరుచుకుంటున్నాయో లేదో చూడాలి. కాపీ అయిందన్న మాటను నమ్మి ఊరుకోకూడదు. తెలుగు ఫైళ్ళకు ఇది కూడా చాలదు. వాటిని యూనికోడులోకి మార్చాలి. మార్చే పరికరాలు దొరుకుతున్నాయి. పోతన, వేమన పేర్లతో తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా అందుబాటులోకి వచ్చి ఎంతో కాలమైంది. అయితే మార్పిడి యంత్రం ఒత్తులవద్ద తప్పు చేస్తుంది. ముక్కలుగా పేర్చిన అక్షరంలో ఏ ఒత్తు ఏ హల్లుకు చెందినదో అది పొరపడుతుంది. అక్కడ తెలుగు చదవగలిగిన మనిషి కూర్చొని, అచ్చుప్రతిని పక్కన పెట్టుకొని, వాక్యం వాక్యం సరిచూడాలి.

ఈ పని డబ్బు పెట్టి చేయించగలిగే చిన్న కవి లేడు. ద్వితీయ భాషగా తెలుగు చదివే మీకు పరీక్షలు ముగిసిన తరువాత వేసవి అంతా ఖాళీ ఉంటుంది. మీ కళాశాలలో మూలన పడవేసిన కంప్యూటరులో బహుశా ఎక్స్‌పీయే ఉంటుంది. దానికి ఇంటర్నెట్టు తగిలించకుండా, పేజ్‌మేకరును, పాత ఫాంట్లను అందులో ఉంచి, ఊరిలోని సీడీలను తెచ్చి తెరిచే యంత్రంగా దానిని నిలపమని మీ అధ్యాపకులను అడగండి. ముందుగా ఆ బ్యాటరీ మార్చవలసి ఉంటుంది. సీడీలు ఎవరి దగ్గర ఉన్నాయో మీ వీధిలోని డీటీపీ ఆపరేటరుకు తెలుసు.